"తిండి కలిగితె": తె నా, తే నా?

మల్లేశ్వరం: మా బెంగళూరు తెలుగు సంఘం ఆరోగ్య శిబిరానికి గోడపత్రిక వేస్తున్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదు విడతల్లో గిడసబారిన, అంటే వయసుకు తగ్గ ఎత్తు ఎదగని, పిల్లల శాతం గ్రాఫు, పైన గురజాడ పాదం. "తిండి కలిగితే" అని టైపు చేశారు. నాకు "కలిగితె" అని గుర్తు. ఏది సరి?

జయనగర్: తె. మూడూ నాలుగూ మాత్రల నడక అది. తిండి మూడు, కలిగితె నాలుగు, కండ మూడు, కలదోయ్ నాలుగు. దీర్ఘమిస్తే ఐదవుతుంది.

ఇందిరానగర్: పాడేటప్పుడు అందరూ సాగదీస్తారు కదండీ.

జయనగర్: నోటితో సాగదీస్తే సాగదీయండి, అచ్చులో గురువు చేయకండి.

బనశంకరి: అసలు తేలాల్సింది "కండ". ఒట్టి మాంసం కాదు, సత్తువ అని నా అభిప్రాయం. లేకపోతే "కలవాడేను మనిషోయ్" అనడంలో బలమేముంది?

ఇందిరానగర్: కండంటే కండేనండీ, టేపుతో కొలుస్తారు కూడా. ఎడమ జబ్బ మీద, భుజం కొసకూ మోచేతి కొసకూ సరిగ్గా నడుమ. చెయ్యి వదులుగా వేలాడాలి, టేపు చర్మానికి ఆనాలి గానీ నొక్కకూడదు. ఆరు నెలలు దాటిన, ఐదేళ్ళలోపు పిల్లలకు 11.5 సెం.మీ. కన్నా తగ్గితే తీవ్ర పోషకలోపం. టేపు వదులైతే ఆ బిడ్డ లెక్కలోకే రాడు.

బనశంకరి: ఆ చుట్టుకొలతలో కొవ్వూ ఉంటుందిగా! గురజాడ కొవ్వును మెచ్చుకోలేదు.

రాజాజీనగర్: పాదం సంగతి అటుంచి, ఆ ఐదు చుక్కలనూ ఒకే గీతతో కలపొద్దని చెప్పండి. 1992-93లో కొలిచింది నాలుగేళ్ళలోపు పిల్లల్ని, 1998-99లో మూడేళ్ళలోపు వాళ్ళని, అదీ పాత ప్రమాణాలతో. మొదటి విడతలో కొలబద్దలు అందక ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సహా ఐదు రాష్ట్రాల్లో ఎత్తే కొలవలేదు. ఐదేళ్ళలోపు పిల్లలు, 2006 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాలు, ఈ రెండూ కలిసినవి చివరి మూడే: 2005-06లో 48, 2015-16లో 38.4, 2019-21లో 35.5 శాతం. ఇంకొకటి, రెండేళ్ళలోపు బిడ్డను పడుకోబెట్టి కొలవాలి. నిలబెట్టి కొలిస్తే 0.7 సెం.మీ. కలపాలి. అది మరిచిపోతే లేని గిడస పుట్టుకొస్తుంది.

మల్లేశ్వరం: గ్రాఫు వాళ్ళకు చెబుతాను. మరి తె?

బనశంకరి: కండ కన్నా "ఈసురోమని" గట్టి మాట. నా లెక్కన అది "ఈశ్వరో" అనే నిట్టూర్పే. రక్తహీనతకు అంతకన్నా మంచి తెలుగు లేదు.

రాజాజీనగర్: రక్తహీనత గ్రాఫు కూడా వేస్తే జాగ్రత్త. 15-49 ఏళ్ళ స్త్రీలలో 53.1 నుంచి 57 శాతానికి పెరిగిందని 2019-21 సర్వే. అది వేలి కొస నెత్తురుతో తీసిన లెక్క. చుక్క రాలేదని వేలు పిండితే కణజాల ద్రవం కలిసి హిమోగ్లోబిన్ తక్కువ చూపిస్తుంది. సిరలోంచి తీసిన రక్తంతో వచ్చిన అంకెల పక్కన దాన్ని పెట్టకూడదు.

జయనగర్: బనశంకరిగారూ, "ఈశ్వరోమని" అన్నా మూడూ నాలుగే వస్తాయి. ఛందస్సు మీ పక్షానా లేదు, ఎదుటి పక్షానా లేదు. వేరే ఆధారం చూపండి.