ఫైబర్ బానెట్‌కి పెయింట్ ముందు ప్రిపరేషన్ ఎలా? షెడ్డు వాళ్లు చెప్పేది కరెక్టేనా?

పాత_జిప్సీ:
మారుతి జిప్సీకి కొత్త ఫైబర్ బానెట్ తెప్పించాను. పైన నల్ల జెల్ కోట్ (ఫైబర్ మీద ఉండే రంగు రెజిన్ పొర), బాగా మెరుస్తోంది. ముందు అంచు వెంట సూదిమొనంత రంధ్రాలు కొన్ని ఉన్నాయి. హింజ్ బోల్టుల దగ్గర సన్నటి పగుళ్లు రెండు చోట్ల కనిపిస్తున్నాయి. బండి రంగు మెటాలిక్ సిల్వర్. షెడ్డులో అడిగితే "రేకు మీద చేసినట్టే. 80 నంబర్ శాండ్ పేపర్ కొట్టి, పుట్టీ లాగి, ఎచ్ ప్రైమర్ కొట్టేస్తాం" అంటున్నారు. రేకుకీ ఫైబర్‌కీ పని ఒకటేనా?

స్ప్రేగన్_సీను:
కాదండీ. ఎచ్ ప్రైమర్‌లో ఉండే యాసిడ్ లోహాన్ని కొరకడానికి. ఫైబర్ మీద దానితో పని లేదు. 80 పేపర్ కొడితే ఆ గీతలు సిల్వర్ కింద ఎప్పటికో ఒకప్పుడు తేలతాయి.

పేపర్ ముట్టుకునే ముందు రెండు పనులున్నాయి. ఒకటి, బానెట్‌ని బండికి బిగించి చూడండి. ఫెండర్ల పక్కన గ్యాప్ రెండు వైపులా సమానంగా, 4–5 మి.మీ. రావాలి. కోతలూ బోల్టు రంధ్రాల సవరింపులూ ఇప్పుడే అయిపోవాలి, కోసిన అంచుకి రెజిన్ పూసి మూసెయ్యాలి. దగ్గరగా వాసన చూస్తే ఘాటు తగులుతుంటే రెజిన్ ఇంకా పూర్తిగా గట్టిపడలేదని అర్థం. అలా బిగించే నాలుగైదు రోజులు ఎండలో ఉంచండి. గోడకి ఆనిస్తే వంకర తిరుగుతుంది. తొందరపడి రంగు వేస్తే, తర్వాత రెజిన్ కుంచించుకుని లోపలి గాజు నార మ్యాట్ ఆనవాలు రంగు మీదకి కనిపిస్తుంది.

రెండోది అసలు ముఖ్యమైనది. ఆ మెరుపంతా జెల్ కోట్‌ది కాదు, అచ్చులోంచి ఊడిరావడానికి పూసిన వ్యాక్స్ కూడా ఉంటుంది. ముందే పేపర్ కొడితే అది గీతల్లోకి దిగిపోతుంది, ప్రైమర్ కొట్టగానే ఫిష్ ఐలు (రంగు పట్టక ఏర్పడే చిన్న గుండ్రటి గుంటలు) లేస్తాయి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి రెండుసార్లు కడగండి. ఆరాక వ్యాక్స్ రిమూవర్‌తో ఒక గుడ్డతో తడిపి, అది ఆరేలోపే ఇంకో పొడి గుడ్డతో ఎత్తెయ్యండి. చవక ఎన్‌సీ (నైట్రో సెల్యులోజ్) థిన్నర్ వద్దు, వ్యాక్స్‌ని పక్కకి పులుముతుందే కానీ తియ్యదు. చివర్లో నీళ్లు చల్లి చూడండి: పరుచుకుంటే సరే, ముత్యాల్లా నిలబడితే మళ్లీ కడగాలి.

తర్వాత 180, ఆపైన 320, పొడిగానే, బ్లాక్ పట్టి. జెల్ కోట్ మందం అర మి.మీ. అటూ ఇటూగా ఉంటుంది. అంచుల దగ్గర ఒకే చోట రుద్దితే నార బయటపడుతుంది.

రెజిన్_రాజు:
రంధ్రాలు ప్రైమర్‌తో నిండిపోతాయనుకోవద్దు. పైన పొర కప్పుకుంటుంది, ఎండకి లోపలి గాలి ఉబ్బి పొక్కు తెస్తుంది. ఒక్కోదాన్నీ సన్న డ్రిల్ బిట్‌తో చేత్తోనే తిప్పి నోరు వెడల్పు చెయ్యండి, కంప్రెసర్ గాలితో దుమ్ము ఊదండి. హార్డెనర్ కలిపే పాలియెస్టర్ పుట్టీని 2 శాతం హార్డెనర్‌తో కలిపి, పుట్టీ లాగే రేకుతో నొక్కి నింపండి. సింగిల్ ప్యాక్ ఎన్‌సీ పుట్టీ కుంగుతుంది.

హింజ్ దగ్గరి పగుళ్లకి పుట్టీ చాలదు, బానెట్ ఊగినప్పుడల్లా అక్కడ బలం పడుతుంది. లోపలి వైపు గరుకు చేసి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు) మ్యాట్ రెండు పొరలు రెజిన్‌తో అతికించండి. పైన పగులుని వీ ఆకారంలో గీరి నింపండి. కోబాల్ట్ (రెజిన్ త్వరగా గట్టిపడేలా చేసేది), క్యాటలిస్ట్ (రెజిన్‌ని గట్టిపరిచేది) రెండు సీసాలుగా కొన్నట్టయితే వాటిని ఎప్పుడూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పొయ్యొద్దు, పేలుతుంది. ముందు కోబాల్ట్‌ని రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే క్యాటలిస్ట్. ఫైబర్ పొడికి మాస్కు, ఫుల్ చేతుల చొక్కా తప్పనిసరి.

పాత_జిప్సీ:
థ్యాంక్స్ అన్నా. ప్రైమర్ ఎన్ని కోట్లు? వాటర్ పేపర్ ఎక్కడ వాడొచ్చు? షెడ్డులో బేకింగ్ బూత్ ఉంది.

స్ప్రేగన్_సీను:
ఎపాక్సీ ప్రైమర్ 2 కోట్లు, దాని మీద 2కె సర్ఫేసర్ (హార్డెనర్ కలిపి కొట్టే, గీతలు నింపే ప్రైమర్) 2–3 కోట్లు. మధ్యలో ఎంతసేపు ఆగాలో డబ్బా మీద చూసుకోండి. సర్ఫేసర్ ఆరాక నల్ల స్ప్రే డబ్బాతో పలచగా చల్లి, 400తో బ్లాక్ పట్టి రుద్దండి. నలుపు మిగిలిన చోటు గుంట. చివరగా 800 వాటర్ పేపర్. సిల్వర్ 400 గీతల్ని దాచదు. ప్రైమర్ పడకముందు మాత్రం నీళ్ల పేపర్ వద్దు. బయటపడ్డ నార తేమ పీల్చుకుంటే తర్వాత బుడగలు వస్తాయి.

బూత్‌లో 60 డిగ్రీలు దాటనివ్వొద్దు, నాలుగు మూలలా ఆనేలా స్టాండ్ మీద పెట్టించండి. ఇంకోటి, ఫైబర్‌ని రుద్దేకొద్దీ స్టాటిక్ పుట్టి దుమ్ము అంటుకుంటుంది. రంగు ముందు యాంటీ స్టాటిక్ క్లీనర్‌తో తుడవమనండి.

పాత_జిప్సీ:
లోపలి వైపు కూడా వెయ్యాలా?

రెజిన్_రాజు:
ఒక కోటు ఎపాక్సీ, పైన మ్యాట్ బ్లాక్ చాలు. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌కి సరిగ్గా పైన వచ్చే భాగంలో హీట్ షీల్డ్ ఫాయిల్ అతికించండి.