ఎదురెండ పొగలదండా, పొగడదండా?

(పద్యప్రియుల ముచ్చట; ఎవరి పేట పేరే వారి పేరు.)

పటమట: మొన్న మధ్యాహ్నం బెజవాడ బెంజి సర్కిల్లో సిగ్నల్ దగ్గర ఆగితే ఒక పాదం నోట్లో ఆడింది: "పురవీథి నెదురెండ పొగలదండ". శ్రీనాథుడి సీస పద్యమే కదా? ముందు సగం అందడం లేదు. బండ్ల పొగకు ఎండ తగిలితే ఓజోన్ పుడుతుందని ఆయనకు అప్పుడే తెలుసేమో!

బ్రాడీపేట: 'ల' కాదండీ, 'డ'. కవిరాజు కంఠాన్ని కౌగిలించినది పొగడదండ. మెడకు తగిలించే శిక్షకు పూలదండ పేరు, అదే అందులో చమత్కారం. మీరు దానికి పొగ పెట్టారు.

అరండల్‌పేట: గణాలు రెంటికీ ఒకటే. యతి 'పు'కి 'పొ', అదీ చెడదు. ఛందస్సును సాక్ష్యానికి పిలవకండి.

సత్యనారాయణపురం: నా తగువు 'ఎదురెండ' మీద. ముఖాన కొట్టే ఏటవాలు ఎండ, అంటే పొద్దుటిదో సాయంత్రానిదో. నడినెత్తి ఎండను అలా అనరు. కనుక పటమట వారి ఓజోన్ కూడా నిలవదు. పొద్దున రద్దీలో బండ్లు వదిలే నైట్రిక్ ఆక్సైడ్ ఉన్న ఓజోన్‌నే తినేసి నైట్రోజన్ డయాక్సైడ్ అవుతుంది. ఎండ ముదిరాక అది విరిగి ఒక ఆక్సిజన్ పరమాణువును వదిలితే, ఆ పరమాణువు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఓజోన్ అవుతుంది. పెరిగేది మధ్యాహ్నమే.

అరండల్‌పేట: పుట్టినదాన్ని మళ్లీ నైట్రిక్ ఆక్సైడే తినేస్తే ఇక మిగిలేదేమిటి?

సత్యనారాయణపురం: పెట్రోలు ఆవిరి, రంగుల్లో కలిపే ద్రావకాలు మధ్యలో దూరకపోతే ఏమీ మిగలదు. అవి ఎండలో మారుతూ, ఓజోన్ ఖర్చు కాకుండానే నైట్రిక్ ఆక్సైడ్‌ను డయాక్సైడ్‌గా మార్చేస్తాయి. అప్పుడు ఓజోన్ పోగుపడుతుంది. అదీ కూడలిలో కన్నా గాలివాటున ఉన్న పల్లెల్లో ఎక్కువ కావచ్చు. పురవీథి కన్నా, శ్రీనాథుడు సేద్యం చేసి నష్టపోయిన బొడ్డుపల్లెకే గండం!

బ్రాడీపేట: బొడ్డుపల్లె అనగానే గుండె కలుక్కుమంటుంది. పంటను కృష్ణవేణమ్మ, అంటే కృష్ణా నది, కొనిపోతే, ఏడునూర్ల టంకాల బాకీకి అంతటి కవిని వీథిలో నిలబెట్టారు. శిక్షగా భుజాన నల్లటి రాతిగుండు మోస్తూ కూడా సీసం చివరి ఎత్తుగీతిలో నవ్వు వదలలేదు చూడండి. ఇంతకీ ఛందస్సు తేల్చకపోయినా అర్థం తేలుస్తుంది: పొగలదండ మెడను కౌగిలించదు.

పటమట: మే నెలలో ఒకసారి బెజవాడ రండి.

సత్యనారాయణపురం: ఎదురెండను ఇద్దరూ దాటవేశారు. ఆయనను నిలబెట్టింది పొద్దునా, మధ్యాహ్నమా?