టీ ఒలకకుండా విమానం పల్టీ కొట్టడం నిజమేనా?

రెక్కలపిచ్చి:
నిన్న రాత్రి బాబ్ హూవర్ అనే అమెరికన్ పైలట్ పాత వీడియో ఒకటి చూశాను. రెండింజన్ల చిన్న విమానం. ముందు ప్యానెల్ మీద గ్లాసు పెట్టుకుని, ఒక చేత్తో విమానం నడుపుతూ, రెండో చేత్తో జగ్గులోంచి ఐస్ టీ పోస్తున్నాడు. కిటికీలో చూస్తే భూమి గిర్రున తిరిగి నెత్తిమీదికి వచ్చేసింది. టీ ధార మాత్రం తిన్నగా గ్లాసులోకే పడుతోంది!

విమానం తలకిందులైతే టీ పైకప్పుకి కొట్టుకోవాలి కదా? పైలట్ బెల్టుకి వేలాడాలి కదా? ఇంకో డౌటు. రెక్క పైభాగం ఉబ్బెత్తుగా ఉండటం వల్లే విమానం పైకి లేస్తుందని స్కూల్లో చెప్పారు. మరి రెక్క తిరగబడితే విమానాన్ని కిందికి లాగెయ్యాలిగా? తెలిసినవాళ్లు ఫార్ములాలు లేకుండా చెప్పండి.

సందేహాల రావు:
ఎడిటింగ్ అయ్యుంటుంది బ్రదర్. కెమెరాని కూడా విమానంతో పాటు తిప్పేస్తే ఏదైనా చూపించొచ్చు.

బాల్సా బాబాయ్:
కెమెరా విమానానికే బిగించి ఉంటుంది రావుగారూ, అందుకే భూమి తిరిగినట్టు కనిపిస్తుంది. కానీ టీని పట్టి ఉంచేది కెమెరా కాదుగా! ఆ వీడియో నిజమే. నేను అసలు విమానం నడిపినవాణ్ణి కాదు, రేడియో కంట్రోల్ మోడళ్లు కట్టి ఎగరేస్తుంటాను. అయినా ఈ విషయంలో పెద్దదానికీ చిన్నదానికీ సూత్రం ఒకటే.

హూవర్ చేసింది బ్యారెల్ రోల్. విమానం ఉన్నచోటే పక్కకి దొర్లదు. ముక్కు పైకెత్తి, ఓ పెద్ద పీపా లోపలి గోడని రాసుకుంటూ వెళ్లినట్టు మెలి తిరుగుతూ పోతుంది. అలా తిరుగుతున్నంతసేపూ పైలట్ స్టిక్‌ని (విమానాన్ని నడిపే చేతికర్రని) కాస్త తన వైపు లాగిపట్టే ఉంచుతాడు. అంటే సీటు అతన్ని ఎప్పుడూ వీపు, పిరుదుల వైపు నుంచే నెడుతుంటుంది. సరిగ్గా తలకిందులైన క్షణంలో ఏమవుతుందంటే, రెక్కలు పుట్టించే బలం కూడా నేల వైపే ఉంటుంది. గురుత్వాకర్షణ ఒక్కటే లాగితే పడేదానికంటే ఎక్కువ జోరుగా విమానం నేల వైపు వంగుతుంది. టీ అంత జోరుగా పడలేదు కాబట్టి గ్లాసు అడుగు దాన్ని వెనక నుంచి తోసుకుంటూ పోతుంది. టీకి సంబంధించినంతవరకు గ్లాసు అడుగే 'కింద'. ఆ తోపుని ఎక్కడా పెద్దగా తగ్గనివ్వకుండా, పెరగనివ్వకుండా 1 జి (నేల మీద మనకి మామూలుగా తెలిసే బరువు) చుట్టుపక్కలే పట్టి ఉంచాడు చూశావూ, గొప్పతనమంతా అక్కడే ఉంది.

అదే స్లో రోల్ అయితే కథ వేరు. విమానం గీత గీసినట్టు తిన్నగా పోతూ దొర్లుతుంది. అప్పుడు నువ్వన్నట్టే పైలట్ బెల్టుకి వేలాడతాడు, టీ పైకప్పుకి కొట్టుకుంటుంది. కాక్‌పిట్ అడుగున ఎవరైనా మర్చిపోయిన స్క్రూ ఉంటే అదీ మొహం ముందుకొస్తుంది. అందుకే విన్యాసాలకి ముందు కాక్‌పిట్‌లో వదులుగా ఏమీ లేకుండా వెతికి మరీ తీసేస్తారు.

ఇక రెక్క సంగతి. ఆకారం కంటే ముఖ్యం, రెక్క గాలికి ఏ కోణంలో ఎదురెళ్తోందన్నది. నా దగ్గర అడుగు చదునుగా ఉండే రెక్కతో ఓ ట్రైనర్ (కొత్తవాళ్లు నేర్చుకునే) మోడల్ ఉంది. దాన్ని తలకిందులు చేశాక ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) స్టిక్‌ని దాదాపు చివరిదాకా ముందుకి తొయ్యాలి. ముక్కు ఆకాశం వైపు పెట్టుకుని, ఈడుస్తూ, అయిష్టంగా పోతుంది. పైనా కిందా ఒకే ఒంపు ఉన్న రెక్కతో ఇంకోటి కట్టాను. దానికి వేలితో చిన్న ఒత్తిడి చాలు, తిరగబడిందన్న సంగతే దానికి పట్టదు. విన్యాసాల విమానాలకి ఇలాంటి రెక్కలు పెట్టేది అందుకే.

నన్నడిగితే ఆ టీ పొయ్యడం జనం చప్పట్ల కోసం. హూవర్ అసలు పనితనం వేరే ఉంది. అదే విమానంలో రెండింజన్లూ ఆపేసి, ఒక లూప్ (నిలువుగా గుండ్రటి చుట్టు) కొట్టి, ఎనిమిది చోట్ల ఆగి ఆగి ఒక రోల్ తిరిగి, వెనక్కి మళ్లి రన్‌వే మీద దిగేవాడు. దిగడం కూడా ముందు ఒక చక్రం, తర్వాత రెండోది. మిగిలిన ఊపుతోనే ప్రేక్షకుల ముందుదాకా దొర్లించుకొచ్చి ఆపేవాడు. అది చూడు.

రెక్కలపిచ్చి:
బాబాయ్, ఇంత బాగా ఎవరూ చెప్పలేదు. మరి స్లో రోల్‌లో ఇంజన్‌కి పెట్రోలు ఎలా అందుతుంది? ట్యాంకులో అంతా పైకి పోతుందిగా? ఇంకోటి, ఇలాంటివి పెద్ద విమానాలతో కూడా చేస్తారా?

బాల్సా బాబాయ్:
మా మోడల్ ట్యాంకు విప్పి చూస్తే సగం జవాబు దొరుకుతుంది. లోపల మెత్తటి గొట్టం, దాని చివర బరువైన ఇత్తడి ముక్క ఉంటాయి. పెట్రోలు ఎటు పోతే ఆ బరువూ అటే పడుతుంది కాబట్టి గొట్టం మూతి ఎప్పుడూ పెట్రోలులోనే మునిగి ఉంటుంది. ట్యాంకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపితే 'టక్ టక్' మని వినిపిస్తుంది. అసలు విన్యాసాల విమానాల్లో కూడా ఇలాంటి వంగే గొట్టమే వాడతారు. ఆయిల్‌కి వేరే ఏర్పాటు ఉంటుంది.

ఇలాంటి ఏర్పాటు లేక రెండో ప్రపంచ యుద్ధంలోనే ఇబ్బంది పడ్డారు. బ్రిటిష్ యుద్ధ విమానం స్పిట్‌ఫైర్‌లోని తొలి మెర్లిన్ ఇంజన్లకి ఫ్లోట్ కార్బురేటర్ (పెట్రోలు మీద తేలే బెండు సాయంతో ఇంజన్‌కి పెట్రోలు అందించే పరికరం) ఉండేది. పైలట్ ముక్కుని గబుక్కున కిందికి తోస్తే ఇంజన్ దగ్గి ఆగేది. జర్మన్ విమానాలకి ఫ్యూయల్ ఇంజెక్షన్ (పెట్రోలుని ఒత్తిడితో నేరుగా ఇంజన్‌లోకి చిమ్మే పద్ధతి) ఉండటంతో అవి ఆ ఒక్క ఎత్తుతో తప్పించుకునేవి. 1941లో బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీర్ మధ్యలో చిల్లున్న చిన్న లోహపు బిళ్లతో ఆ సమస్యని చాలావరకు తగ్గించింది. ఆవిడ మోటార్‌సైకిల్ రేసర్ కూడా!

పెద్ద విమానాలంటావా? 1955 ఆగస్టు 7న సియాటెల్‌లో పడవ పందేలు జరుగుతుంటే, టెక్స్ జాన్‌స్టన్ అనే టెస్ట్ పైలట్ బోయింగ్ వాళ్ల నాలుగింజన్ల జెట్ నమూనాని సరస్సు మీదుగా తెచ్చి బ్యారెల్ రోల్ చేశాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ నమూనా నుంచే తర్వాత 707 వచ్చింది. లోపలి నుంచి తీసిన ఫొటో ఒకటుంది, అందులో ఇంజన్లు రెక్కకి పైన కనిపిస్తాయి. కంపెనీ ప్రెసిడెంట్ పిలిచి ఏం చేస్తున్నావని నిలదీస్తే, విమానాలు అమ్ముతున్నానన్నాడట. ఇది కూడా దాదాపు 1 జి విన్యాసమే కాబట్టి విమానం మీద మామూలుకి మించి పెద్దగా భారం పడలేదు. అలాగని ప్రతి పైలటూ ఇలా చెయ్యొచ్చని కాదు. చెయ్యి కాస్త తప్పి ముక్కు కిందికి జారితే అంత బరువున్న విమానానికి వేగం చూస్తుండగానే పెరిగిపోతుంది.

గ్లైడర్ గిరి:
ఇంజన్లు ఆపేసి దిగడం అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. 1983 జులైలో కెనడాలో ఒక బోయింగ్ 767కి 41,000 అడుగుల ఎత్తులో ఇంధనం అయిపోయింది. కిలోలకి బదులు పౌండ్ల లెక్కతో నింపారు. కెప్టెన్ బాబ్ పియర్సన్‌కి గ్లైడర్లు (ఇంజన్ లేని విమానాలు) నడిపిన అనుభవం ఉంది. గిమ్లీలో పాత వైమానిక స్థావరం రన్‌వే దగ్గరికి వచ్చేసరికి ఎత్తు ఎక్కువైంది. అప్పుడు గ్లైడర్ పైలట్లు చేసే స్లిప్‌ని అంత పెద్ద జెట్‌తో చేసి దింపాడు. అప్పటికి ఆ రన్‌వేని కార్ రేసులకి వాడుతున్నారు, ఆ రోజు జనం కూడా ఉన్నారు. ఎవరి ప్రాణాలూ పోలేదు.

రెక్కలపిచ్చి:
స్లిప్ అంటే?

బాల్సా బాబాయ్:
రడ్డర్ (ముక్కుని పక్కకి తిప్పే తోక పలక) ఒక వైపు, ఎయిలరాన్లు (విమానాన్ని పక్కకి వంచే రెక్కల పలకలు) ఇంకో వైపు. విమానం ఒక రెక్క దించుకుని, ఒళ్లంతా గాలికి అడ్డంపెట్టి పక్కవాటుగా దిగుతుంది. వేగం పెరగకుండానే ఎత్తు పోతుంది. పియర్సన్‌కి ఇంకో చిక్కు కూడా ఉంది. కంట్రోళ్లకి కావలసిన హైడ్రాలిక్ ఒత్తిడి, గాలికి తిరిగే చిన్న ఫ్యాన్ నుంచే వస్తోంది. వేగం తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంది. మోడల్‌తో నేర్చుకోవాలనుకుంటే మొదట బాగా ఎత్తులో చెయ్యి. స్లిప్‌లోంచి బయటికొచ్చేటప్పుడు ముక్కు పైకెత్తకుండా చూసుకో, అక్కడే ఎక్కువమంది విమానాన్ని స్టాల్ చేస్తారు, అంటే రెక్కలు మోసే బలం కోల్పోయి విమానం పడిపోతుంది.