స్ట్రిప్ క్లబ్బు డాన్స్ ఆదాయం టాక్స్ రిటర్న్‌లో ఎలా చూపాలి? లాయర్ లైసెన్సుకు అడ్డొస్తుందా?

డల్లాస్_పాప అడిగారు:

టెక్సస్‌లో ఉంటాను, అమెరికా సిటిజన్‌ని, వయసు 23. 2025 మే నెలలో డిగ్రీ అయింది. అదే ఏడాది మార్చి నుంచి క్లబ్బులో డాన్సర్‌గా చేస్తున్నాను. జీతమంటూ ఏమీ లేదు. కస్టమర్లు ఇచ్చేది నగదు, రాత్రికింత అని హౌస్ ఫీ నేనే క్లబ్బుకి కట్టాలి. 2025లో చేతికొచ్చింది 38,000 డాలర్లు. అందులో హౌస్ ఫీ, డీజేకి, హౌస్ మామ్‌కి (డ్రెస్సింగ్ రూమ్ చూసుకునే ఆవిడ), బౌన్సర్లకి కలిపి 8,500 పోయింది. క్లబ్బు నుంచి ఏ ఫారమూ రాలేదు. వచ్చే ఏడాది లా స్కూల్లో చేరాలనుకుంటున్నాను. ఫారం రాకపోయినా చూపాలా? వృత్తి అన్నచోట ఏం రాయాలి? ఇంకో ఇబ్బంది: మా ఇంట్లో అందరి రిటర్నులూ నాన్నగారి స్నేహితుడైన సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్) అంకులే వేస్తారు.

షెడ్యూల్‌సి_శాస్త్రి:

చూపాలండి. 1099-ఎన్‌ఈసీ (ఉద్యోగి కానివాళ్లకు ఇచ్చిన డబ్బు చూపే ఫారం) ఇవ్వడమన్నది డబ్బు ఇచ్చినవాళ్ల బాధ్యత. 2025 చెల్లింపులకు ఆ ఫారం ఇవ్వాల్సిన పరిమితి 600 డాలర్లు, 2026 నుంచి 2,000. మీ డబ్బు క్లబ్బు ఇచ్చింది కాదు, కస్టమర్లు నేరుగా మీ చేతిలో పెట్టింది. కాబట్టి ఫారం రాకపోవడంలో వింతేమీ లేదు. మీకు వర్తించే అంకె 400: ఖర్చులు పోను నికరం 400 డాలర్లు లేదా అంతకు మించి ఉంటే షెడ్యూల్ సి (సొంత పని లాభనష్టాల ఫారం), దానితోపాటు షెడ్యూల్ ఎస్‌ఈ (సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్, అంటే సొంత పని మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను లెక్క) వేయాల్సిందే.

చాలామంది పొరపడేది షెడ్యూల్ సి మొదటి లైన్లోనే. అక్కడ 38,000 మొత్తం రాయాలి. హౌస్ ఫీ తీసేసి 29,500 అని రాస్తే, రేపు కార్డు మీద అమ్ముడైన డాన్సుల మొత్తానికి క్లబ్బు 1099 పంపినప్పుడు ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) దగ్గరున్న అంకెకూ మీ అంకెకూ పొంతన కుదరక నోటీసు వస్తుంది. ఆ 8,500ని కింద ఖర్చుల్లో చూపండి.

దుస్తులు, స్టేజి బూట్లు, మేకప్ కలిపి 1,500 అయిందనుకుందాం. నికరం 28,000. అందులో 92.35 శాతం అంటే 25,858. దాని మీద 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ 3,956. ఇందులో సగం, 1,978, ఆదాయంలోంచి తగ్గుతుంది. మిగిలిన 26,022లోంచి 2025 స్టాండర్డ్ డిడక్షన్ 15,750 తీస్తే 10,272. క్యూబీఐ డిడక్షన్ (సొంత వ్యాపార ఆదాయానికిచ్చే తగ్గింపు) ఇక్కడ అందులో 20 శాతం, 2,054. మిగతా 8,218 మీద పది శాతం చొప్పున ఇన్‌కమ్ టాక్స్ 822. రెండూ కలిపి 4,778. ఇన్‌కమ్ టాక్స్ పెద్దగా పడదని ధీమాగా ఉన్నవాళ్లను దెబ్బతీసేది ఆ 3,956. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి అంతటితో సరి.

2026కి ఇలా ఏప్రిల్ దాకా ఆగకండి. ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబర్ 15, మళ్లీ జనవరి 15: ఒక్కో గడువుకి 1,195 కట్టుకుంటూ పోతే గత ఏడాది టాక్స్ మొత్తం కట్టినట్టే. ఆదాయం పెరిగినా తక్కువ కట్టారన్న పెనాల్టీ రాదు. 2025కి ముందుగా ఏమీ కట్టలేదు కదా, 2024లో మీకు పన్ను సున్నా అయివుంటే దానికీ పెనాల్టీ లేదు. డబ్బు చేతిలో లేకపోయినా రిటర్న్ మాత్రం గడువులోపు వేయండి. వేయకపోతే నెలకు 5 శాతం, వేసి కట్టకపోతే నెలకు అర శాతమే.

వృత్తి దగ్గర "డాన్సర్" లేదా "ఎంటర్‌టైనర్" అని రాయండి. షెడ్యూల్ సి కోడ్ 711510, స్వతంత్ర కళాకారులది. బ్యాలే డాన్సరుకూ అదే కోడ్. "కన్సల్టెంట్" లాంటి మాటలు వద్దు. అబద్ధమైతే శిక్షకు సిద్ధమని సంతకం పెట్టే కాగితం అది.

రశీదుల_డబ్బా:

38,000 ఎక్కడినుంచి వచ్చిందో చూపించగలరా అన్నది అసలు ప్రశ్న. క్లబ్బు నుంచి బయటికొచ్చిన రాత్రే రాయాలి: తేదీ, వచ్చిన మొత్తం, హౌస్ ఫీ, ఎవరికెంత టిప్ అవుట్ (క్లబ్బు సిబ్బందికిచ్చే వాటా) ఇచ్చారు, మైళ్లు. బౌన్సర్ రశీదు ఇవ్వడు కాబట్టి ఆ రాత్రి రాసుకున్నదే మీకు ఆధారం. నెలాఖరులో గుర్తు తెచ్చుకుని రాసిన గుండ్రటి అంకెలను ఆడిటర్ నమ్మడు.

ఖర్చుకింద చెల్లేవి: వీధిలో వేసుకోలేని స్టేజి దుస్తులు, ఎత్తు ప్లాట్‌ఫారం బూట్లు, స్టేజికే వాడే మేకప్, ఒకే రాత్రి ఒక క్లబ్బు నుంచి ఇంకో క్లబ్బుకి వెళ్లిన మైళ్లు. చెల్లనివి: జిమ్, మామూలు జుట్టు ఖర్చు, రోజూ వేసుకునే లోదుస్తులు, ఇంటినుంచి క్లబ్బుకి ప్రయాణం. 1994లో ఒక డాన్సర్ శస్త్రచికిత్స ఖర్చును టాక్స్ కోర్టు ఒప్పుకుంది కదా అని కొందరు అడుగుతుంటారు. ఆ ఇంప్లాంట్లు బయట జీవితానికి బరువయ్యేంత అసాధారణ పరిమాణంలో ఉన్నాయి కాబట్టి స్టేజి సామాను కింద ఒప్పుకున్నారు. పైగా ఆ తీర్పు ఇతర కేసులకు ప్రామాణికం కాదు. దాన్ని పట్టుకుని మీ ఖర్చులు రాయొద్దు.

నగదు బ్యాంకులో వేయండి, వేరే ఖాతా తెరిచి. ఒకే రోజు వేసిన నగదు పదివేలు దాటితే బ్యాంకు ప్రభుత్వానికి రిపోర్టు పంపుతుంది, పంపనివ్వండి, దానివల్ల నష్టం లేదు. ఆ రిపోర్టు తప్పించుకోవాలని 9,000 చొప్పున విడగొట్టి వేయడమే నేరం, డబ్బు సక్రమమైనదైనా సరే.

టిప్స్ మీద కొత్త డిడక్షన్ గురించి కూడా చెప్పాలి. 2025 నుంచి 2028 దాకా ఏటా 25,000 వరకు అన్నది నిజమే. ఐఆర్‌ఎస్ జాబితాలో డాన్సర్లూ ఉన్నారు. కానీ ముందే రేటు చెప్పి తీసుకున్న డాన్స్ డబ్బు టిప్ కాదు. ఏ ఫారంలోనూ లేని కస్టమర్ నగదును స్వతంత్ర డాన్సర్ దీనికింద చూపలేరు.

బేఏరియా_లెక్కలు:

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకు పై లెక్క అలాగే సరిపోదు. 2018 డైనమెక్స్ తీర్పు, 2020లో అమలైన ఏబీ5 చట్టం (పనిచేసేవాళ్లు కాంట్రాక్టర్లా, ఉద్యోగులా అన్నది తేల్చేవి) తర్వాత అక్కడ చాలా క్లబ్బులు డాన్సర్లను ఉద్యోగులుగా మార్చి డబ్ల్యూ-2 (ఉద్యోగి జీతం చూపే ఫారం) ఇస్తున్నాయి. డబ్ల్యూ-2 ఆదాయానికి షెడ్యూల్ సి లేదు, ఫెడరల్ రిటర్న్‌లో దుస్తులు, బూట్ల ఖర్చు తగ్గించుకోవడమూ లేదు. టిప్స్ లెక్క మరుసటి నెల 10లోగా క్లబ్బుకి ఇవ్వాలి.

వీసా_విషయం:

ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీదున్న పిల్లలు ఇది చదివి తమకూ ఇంతేననుకోకండి. మీకిది అనుమతిలేని పని, స్టేటస్ పోతుంది. ఓపీటీ (చదువుకు అనుబంధంగా ఇచ్చే పని అనుమతి) కూడా చదివిన సబ్జెక్టుకు సంబంధించిన పనికే. ఇప్పటికే చేసుంటే టాక్స్ బాధ్యత ఎలాగూ ఉంటుంది, అయితే మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాల్లో మామూలుగా 1040-ఎన్‌ఆర్ (నాన్‌రెసిడెంట్ల రిటర్న్) వేస్తారు, సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ పడదు. రిటర్న్ వేసేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కలవండి.

బార్_దరఖాస్తు:

లైసెన్సు సంగతి చెప్తాను. చట్టబద్ధమైన క్లబ్బులో డాన్స్ చేశారన్న ఒక్క కారణంతో బార్ (లాయర్ లైసెన్సు వ్యవస్థ) తలుపు మూసుకోదు. లైసెన్సుకు ముందు నడవడిక చూసే క్యారెక్టర్ అండ్ ఫిట్‌నెస్ పరిశీలనలో పట్టుకునేవి వేయని రిటర్నులు, కట్టని అప్పులు, దాచిన విషయాలు. మీరిప్పుడు సరిగ్గా రిటర్న్ వేయడమే మీకు రక్షణ.

రెజ్యూమెలో ఏది పెట్టాలో మీ ఇష్టం. బార్ దరఖాస్తులో అలా కాదు, పాత ఉద్యోగాలన్నీ అడిగితే అన్నీ రాయాలి, సొంత పనితో సహా. స్టేజి పేరు కాదు, అసలు పేరు, క్లబ్బు వ్యాపార పేరు, నెలలు. అడిగినదాన్ని వదిలేసి తర్వాత బయటపడితే చేసిన పని కన్నా దాచడమే పెద్ద తప్పవుతుంది. లా స్కూల్ దరఖాస్తులో రాసినదీ ఇదీ ఒకటిగా ఉండాలి. షెడ్యూల్ సి కాపీలు, రాత్రుల లెక్క పుస్తకం, ఐఆర్‌ఎస్ ట్రాన్‌స్క్రిప్టులు పీడీఎఫ్‌గా దాచుకోండి.

లా ఫర్మ్‌కి మీ టాక్స్ రిటర్న్ చూసే వీలు లేదు. పన్ను చట్టం సెక్షన్ 6103 ప్రకారం అది రహస్యం, ఇంటి లోన్ ఇచ్చే బ్యాంకుకైనా మీ సంతకం కావాలి.

డల్లాస్_పాప:

చాలా థాంక్సండి. నేను ఇంట్లోనే ఉంటున్నాను, ఖర్చులు ఎక్కువగా అమ్మానాన్నలవే. నాన్నగారు 2025కి కూడా నన్ను డిపెండెంట్‌గా చూపిస్తారు. నేను విడిగా వేస్తే గొడవవుతుందా?

షెడ్యూల్‌సి_శాస్త్రి:

జనవరి నుంచి మే దాకా ఫుల్‌టైమ్ చదివారు, ఏడాది చివరికి 24 నిండలేదు, ఇంట్లోనే ఉన్నారు. కాబట్టి ఆయన చూపించవచ్చు. మీ సంపాదన ఎంతన్నది అడ్డుకాదు, మీ పోషణలో సగానికి పైగా మీరే పెట్టారా అన్నదే చూస్తారు. బ్యాంకులో దాచుకున్నది పోషణ కిందకు రాదు.

సాఫ్ట్‌వేర్‌తోనో వేరే సీపీఏతోనో మీరే వేసుకోండి. "వేరొకరు నన్ను డిపెండెంట్‌గా చూపవచ్చు" అన్న గడిలో టిక్ మాత్రం మరచిపోవద్దు. మరచి ముందే వేసేస్తే నాన్నగారి ఈ-ఫైల్ వెనక్కొస్తుంది, ఇంట్లో ప్రశ్నలు మొదలయ్యేది అక్కడే. ఆయన రిటర్న్‌లో మీ సోషల్ సెక్యూరిటీ నంబరే ఉంటుంది, మీ ఆదాయం కనిపించదు. మీ స్టాండర్డ్ డిడక్షన్ కూడా తగ్గదు, ఎందుకంటే ఇది సంపాదించిన ఆదాయం. అంకుల్ దగ్గరే వేయించినా మీ అనుమతి లేకుండా నాన్నగారికి చెప్పడం సెక్షన్ 7216 కింద నేరం. అయినా ఆయన్ని ఆ ఇరకాటంలో పెట్టకపోవడమే మంచిది. ఐఆర్‌ఎస్ ఆన్‌లైన్ ఖాతా తెరిచి, నోటీసులు వీలైనంతవరకు కాగితం లేకుండా వచ్చేలా పెట్టుకోండి.