అమ్మను క్లినికల్ ట్రయల్‌లో చేర్చమంటారా?

అమ్మకి ఆరేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి, గ్లాసు కూడా రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని ఎత్తుతుంది. వాడుతున్న మెథోట్రెక్సేట్ అంతంతమాత్రంగానే పనిచేస్తోంది. కొత్త మందు మీద మూడో దశ ట్రయల్ (అనుమతికి ముందు చాలామంది రోగుల మీద చేసే పెద్ద పరీక్ష) ఉంది, చేరతారా అని డాక్టర్ అడిగారు.

22 పేజీల సమ్మతి పత్రం ఇచ్చారు. రెండుసార్లు చదివాను. ఎవరికి అసలు మందు, ఎవరికి ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్ర, అన్నది లాటరీ తీసినట్టు కంప్యూటరే తేలుస్తుందట. డాక్టర్‌కీ తెలియదు. ఎప్పుడైనా మానేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. అది కాస్త ధైర్యం.

టెన్షన్ అంతా మిగతా వాటితోనే. ప్లాసిబో వస్తే పాత మందు ఇస్తూనే ఉంటారా? ఒకచోట "ప్రస్తుత చికిత్సతో పాటు" అని ఉంది, ఇంకోచోట నాలుగు వారాల విరామం అని ఉంది. సైడ్ ఎఫెక్ట్ వస్తే వైద్యం ఖర్చు ఎవరిది? బాగా పనిచేసిందే అనుకోండి, ట్రయల్ అయిపోయాక ఆ మందు దొరుకుతుందా?

అమ్మేమో "ఎలకల వంతు అయిపోయి నా దాకా వచ్చిందన్నమాట" అని నవ్వుతోంది. సంతకం మాత్రం పెట్టలేదు.

మీ ఇంట్లో ఎవరైనా చేరి ఉంటే, సంతకానికి ముందు ఏమేం అడిగారో కాస్త రాయండి. సోమవారం మళ్లీ వెళ్లాలి.