ప్రోటీన్ పౌడర్‌తో బలం ఎంత పెరుగుతుంది?

ప్రశ్న:
నా వయసు 22 ఏళ్లు, బరువు 70 కిలోలు. కొన్ని నెలలుగా జిమ్‌లో బరువులతో సాధన చేస్తున్నాను. ఆహారం ద్వారా రోజుకు సుమారు 90 గ్రాముల ప్రోటీన్ అందుతోంది. వే ప్రోటీన్ (పాల విరుగుడు నీటి నుంచి తీసే ప్రోటీన్ పౌడర్) మొదలుపెడితే స్క్వాట్, బెంచ్ ప్రెస్‌లలో నేను ఎత్తగలిగే బరువు చెప్పుకోదగ్గంతగా పెరుగుతుందా? వ్యాయామం ముగిసిన అరగంటలోపు తాగకపోతే వృథా అనే మాటలో నిజమెంత?

సమాధానం 1:
పెరుగుతుంది గానీ, డబ్బా మీది బొమ్మ ఆశపెట్టినంత కాదు. 2018లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వెలువడిన విశ్లేషణ 49 పరిశోధనలను, అంటే 1,863 మంది ఫలితాలను, కలిపి చూసింది. ప్రోటీన్ అదనంగా తీసుకున్నవారు ఒక్కసారికి ఎత్తగలిగే గరిష్ఠ బరువు, తీసుకోనివారితో పోలిస్తే సగటున 2.5 కిలోలు మాత్రమే ఎక్కువగా పెరిగింది. కొవ్వు మినహాయించిన శరీర బరువులో తేడా 0.3 కిలోలు. కేవలం సాధన వల్ల పెరిగిన బలం దీనికి ఎన్నో రెట్లు. పైగా రోజువారీ ప్రోటీన్ మొత్తం కిలో శరీర బరువుకు సుమారు 1.6 గ్రాములు దాటాక కండ పెరుగుదలలో అదనపు లాభం కనిపించలేదు. మీ బరువుకు అది 112 గ్రాములు. మీకున్న లోటు ఒక స్కూప్‌తో తీరిపోతుంది, ఆహారంతో తీర్చుకున్నా ఫలితం అదే.

సమాధానం 2:
పై లెక్కతో ఏకీభవిస్తూ కారణం కూడా చెబుతాను. కండ, బలం ఒకటి కావు. సాధన మొదలుపెట్టిన తొలి వారాల్లో బలం పెరిగేది ప్రధానంగా నాడీవ్యవస్థ కండర తంతువులను మరింత ఎక్కువగా, మరింత సమన్వయంతో పనిలోకి దించడం నేర్చుకోవడం వల్లనే. ఆ నేర్పు పౌడర్‌తో రాదు, అదే వ్యాయామాన్ని క్రమంగా బరువు పెంచుతూ మళ్లీ మళ్లీ చేస్తేనే వస్తుంది. ప్రోటీన్ కండ నిర్మాణానికి ముడిసరుకు మాత్రమే. చాలాకాలంగా సాధన చేస్తున్నవారిలో అదనపు ప్రోటీన్ వల్ల కండకు కలిగే లాభం కొత్తవారికంటే కాస్త ఎక్కువని కూడా ఆ విశ్లేషణలోనే తేలింది. నిజానికి బలమే మీ లక్ష్యమైతే, రోజుకు 3 నుంచి 5 గ్రాముల క్రియాటిన్ మోనోహైడ్రేట్‌కు (కండరాలకు వేగంగా శక్తి అందడంలో తోడ్పడే పదార్థం, పౌడర్‌గా దొరుకుతుంది) ఉన్న ఆధారాలు వే ప్రోటీన్‌కు ఉన్నవాటికంటే గట్టివి.

సమాధానం 3:
అరగంట గడువు గురించి ఎవరూ చెప్పలేదు. 2013 నాటి ఒక విశ్లేషణలో, రోజు మొత్తంలో తీసుకున్న ప్రోటీన్‌ను లెక్కలోకి తీసుకోగానే వేళ వల్ల కనిపించిన తేడా మాయమైంది. వ్యాయామం తర్వాత కండరం కనీసం ఒక రోజు పాటు ప్రోటీన్‌కు మామూలుకంటే చురుగ్గా స్పందిస్తుంది కాబట్టి, పరుగు పరుగున షేకర్ కలుపుకోనవసరం లేదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఈ మోతాదులతో మూత్రపిండాలకు హాని ఉంటుందా?

సమాధానం 2:
ఆరోగ్యవంతులైన యువకుల్లో ఈ మోతాదులు హాని చేస్తాయనడానికి ఆధారం లేదు; ఇప్పటికే మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టకండి. క్రియాటిన్ వాడుతుంటే రక్తపరీక్షలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరును అంచనా వేయడానికి కొలిచే వ్యర్థపదార్థం) కాస్త ఎక్కువగా కనిపించవచ్చు, కనుక పరీక్షకు ముందే ఆ సంగతి వైద్యునికి చెప్పండి.