మహేంద్రగిరి మీది మేఘాలు: ఏ రాడార్ చిత్రాన్ని నమ్మాలి?

గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉంటున్న నాకు, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక మహేంద్రగిరి వైపు లేచే క్యుములోనింబస్ మేఘాలను (ఉరుములు, మెరుపులతో వాన కురిపించే నిలువెత్తు మేఘాలను) గమనించి ఫొటోలు తీయడం కొన్నేళ్లుగా వ్యాపకం. గోబీపువ్వులా ఉబ్బిన మేఘం కొస చదునుగా పరుచుకొని దాగలి ఆకారం దాల్చిందంటే అక్కడ గాలివాన మొదలైనట్లే. అది మా ఊరి మీదికి వస్తుందా, కొండ అవతలే కురిసి చల్లారుతుందా అన్నదే ముందుగా తేల్చుకోలేకపోతున్నాను.

వాననూ, గాలి వేగాన్నీ కిరణాలు పంపి పసిగట్టే వాతావరణ శాఖ డాప్లర్ రాడార్లలో గోపాల్‌పూర్‌ది మాకు సుమారు 100 కిలోమీటర్లు, విశాఖపట్నంది 140 కిలోమీటర్ల దూరం. అర డిగ్రీ కోణంలో పంపిన కిరణమైనా, భూమి వంపు వల్ల, 140 కిలోమీటర్ల దూరానికి వచ్చేసరికి దాదాపు రెండున్నర కిలోమీటర్ల ఎత్తున పోతుంది కనుక, వానకు ముందు నేలను ఒరుసుకుంటూ వచ్చే చల్లని ఈదురుగాలి అంచు విశాఖ చిత్రంలో దొరకదు. గోపాల్‌పూర్ కిరణం అంతకంటే కిందుగానే వస్తుంది గానీ, 1501 మీటర్ల మహేంద్రగిరి దాదాపు దారికి అడ్డంగానే ఉంది.

ఆ కొండ కిరణాన్ని ఆపి, మా వైపు వానను ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుందా? అలాగైతే రెండు చిత్రాలను ఎలా కలిపి చదువుకోవాలి? గాలి వేగం చూపే చిత్రం ఇంత దూరంలో పనికొస్తుందా? పలాస, టెక్కలి, బరంపురం వైపు నుంచి గమనించేవారు తమ పద్ధతి చెబితే మేలు. పిడుగుల కోసం దామిని యాప్ చూస్తున్నాను, ఉరుము వినబడగానే మేడ దిగిపోతాను. కాబట్టి జాగ్రత్తల సంగతి వదిలి రాడార్ గురించే వివరించమని కోరుతున్నాను.